12 గ్రాముల ఆర్మ్‌కి ఏ ఎంసీ కార్ట్రిడ్జ్? కేడెన్జా బ్రాంజ్ / క్లియోస్ / ఉమామి రెడ్ / ఏఆర్‌టీ9ఎక్స్‌ఐ

శ్రుతిపెట్టె · #1

రికార్డు ప్లేయర్‌ది 9 అంగుళాల ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ని, అంటే ముల్లున్న పికప్‌ని, మోసే చేయి), ఎఫెక్టివ్ మాస్ (ఆర్మ్ కదిలేటప్పుడు ముల్లుకి తెలిసే బరువు) 12 గ్రా., ఎత్తు మార్చుకోవచ్చు. ఫోనో స్టేజ్‌లో (కార్ట్రిడ్జ్ సిగ్నల్‌ని పెంచే ఆంప్లిఫైయర్) ఎంసీకి (మూవింగ్ కాయిల్, కాయిల్ కదిలే రకం) 60, 66 డీబీ గెయిన్ (పెంపు) ఉంది. లోడ్‌కి (కార్ట్రిడ్జ్‌కి ఎదురుగా పెట్టే నిరోధం) 30, 100, 220, 470, 1000 ఓమ్‌ల స్విచ్చులు. ఇప్పుడు నడుస్తున్నది ఆర్టోఫాన్ 2ఎం బ్లాక్, ఎంఎం (అయస్కాంతం కదిలే) రకం. దాని ముల్లు అరిగే దశకొచ్చింది కాబట్టి ఈసారి ఎంసీకి మారదామని.

చూస్తున్నవి: ఆర్టోఫాన్ కేడెన్జా బ్రాంజ్, లైరా క్లియోస్, హానా ఉమామి రెడ్, ఆడియో-టెక్నికా ఏఆర్‌టీ9ఎక్స్‌ఐ. డెనాన్ డీఎల్-103 గురించి కూడా చాలామంది చెబుతున్నారు, అది ఈ వరసలో నిలుస్తుందా? వినేది ఎక్కువగా గాత్రం, పియానో, పెద్ద ఆర్కెస్ట్రా. రికార్డు చివరి పాటల్లో వచ్చే గరగర తగ్గితే చాలు, అదే పెద్ద కోరిక.

---

సమతూకం · #2

శబ్దం సంగతి తర్వాత. ముందు ఆర్మ్‌తో జత కుదురుతుందా అన్నది లెక్క వేయండి. కార్ట్రిడ్జ్ స్ప్రింగు లాంటిది, ఆర్మ్ దాని మీద ఊగే బరువు. రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఊగుతాయి. 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య పడితే మంచిది. దానికంటే కింద రికార్డు వంపుల కదలిక ఉంటుంది, పైన సంగీతం మొదలవుతుంది.

సూత్రం: 159 ÷ √(మొత్తం బరువు × కంప్లయన్స్). కంప్లయన్స్ అంటే ముల్లు ఎంత మెత్తగా కదులుతుందో చెప్పే అంకె. మొత్తం బరువంటే ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ + కార్ట్రిడ్జ్ + స్క్రూలు. స్క్రూలకి 1 గ్రా. వేశాను. హెడ్‌షెల్ (ఆర్మ్ చివర కార్ట్రిడ్జ్‌ని బిగించే తల) బరువు మళ్ళీ కలపకండి, ఎఫెక్టివ్ మాస్‌లో అది మామూలుగా చేరే ఉంటుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. జపాన్ కంపెనీల్లో చాలావరకు కంప్లయన్స్‌ని 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి రాస్తాయి. మనకి కావలసింది 10 హెర్ట్జ్ దగ్గరి అంకె. ముల్లు కడ్డీని పట్టి ఉంచే రబ్బరు నెమ్మదిగా కదిలించినప్పుడు మెత్తగా, వేగంగా కదిలించినప్పుడు బిరుసుగా ఉంటుంది కాబట్టి 100 హెర్ట్జ్ అంకెని సుమారు 1.5 నుంచి 2 తో గుణించాలి. కింద 1.6 వాడాను.

కేడెన్జా బ్రాంజ్: 10.7 గ్రా., కంప్లయన్స్ 12 (ఆర్టోఫాన్ అంకెని గుణించనక్కర్లేదు). 23.7 × 12 = 284. అంటే 9.4 హెర్ట్జ్.
క్లియోస్: 8.8 గ్రా., 100 హెర్ట్జ్ దగ్గర 12, అంటే 19 దాకా. 7.8 హెర్ట్జ్.
ఉమామి రెడ్: 10.5 గ్రా., 100 హెర్ట్జ్ దగ్గర 10, అంటే 16. 8.2 హెర్ట్జ్.
డీఎల్-103: 8.5 గ్రా., 100 హెర్ట్జ్ దగ్గర 5, అంటే 8. 12.1 హెర్ట్జ్.
మీ పాత 2ఎం బ్లాక్: 7.2 గ్రా., 22. 7.5 హెర్ట్జ్.

చూశారుగా, ఇన్నాళ్లూ హద్దుకి కిందే నడుస్తోంది మీది. వూఫర్ కోన్ ముందుకీ వెనక్కీ తూగుతూ కనిపిస్తే కారణం అదే. బ్రాంజ్ ఈ ఆర్మ్‌కి కొలిచి కుట్టినట్టు ఉంది. క్లియోస్ అంచున ఉన్నా పనిచేస్తుంది, 1.6 అన్నది ఉజ్జాయింపేగా. 103కి మాత్రం 20 గ్రాములో అంతకంటే ఎక్కువో ఉన్న ఆర్మ్ కావాలి; 20 గ్రా. పెడితే 10.3కి దిగుతుంది. తేలిక ఆర్మ్‌లో 103 పెట్టి "బాస్ ఉబ్బరంగా ఉంది" అనేవాళ్ళు తిట్టాల్సింది కార్ట్రిడ్జ్‌ని కాదు.

ఆడియో-టెక్నికా స్పెక్ షీట్‌లో స్టాటిక్, డైనమిక్ అని రెండు కంప్లయన్స్ అంకెలుంటాయి. స్టాటిక్ అంకె పెద్దదిగా ఉంటుంది, దాన్ని ఈ సూత్రంలో వేస్తే లెక్క మొత్తం తప్పుతుంది. డైనమిక్‌ది తీసుకుని గుణించండి.

---

గాడిలోముల్లు · #3

> రికార్డు చివరి పాటల్లో వచ్చే గరగర

దీనికి మూలం రేఖాగణితం. 33⅓ ఆర్పీఎం దగ్గర, 146 మి.మీ. వ్యాసార్ధంలో గాడి ముల్లు కిందుగా సెకనుకి 51 సెం.మీ. వేగంతో పోతుంది. 60 మి.మీ. దగ్గరికొచ్చేసరికి అది 21 సెం.మీ.కి పడిపోతుంది. అదే 10 కిలోహెర్ట్జ్ శబ్దం బయట 51 మైక్రాన్ల పొడవున పరుచుకుంటే, లోపల 21 మైక్రాన్లలో ఇరుక్కుంటుంది. 15 కిలోహెర్ట్జ్ అయితే 14 మైక్రాన్లు, అందులో ఒక్క అల సగం 7 మైక్రాన్లు.

డీఎల్-103 ముల్లు గుండ్రటి మొన, వ్యాసార్ధం 16.5 మైక్రాన్లు. 7 మైక్రాన్ల పల్లంలోకి అది దిగదు, దిగలేదు. పై అంచుల మీద దొర్లుకుంటూ పోతుంది, అదే మీకు గరగరగా వినిపిస్తుంది. బ్రాంజ్‌లో ఉన్న రెప్లికెంట్ 100 ముల్లు 5/100 మైక్రాన్లు. అంటే గాడి వెంట 5 మైక్రాన్ల వ్యాసార్ధమున్న సన్నటి అంచు, గాడి గోడ నిలువునా 100 మైక్రాన్ల వ్యాసార్ధమున్న వంపు, అంటే పొడవాటి స్పర్శ. సన్నటి అంచు పల్లాల్లోకి దిగుతుంది, పొడవాటి స్పర్శ బరువుని పంచుతుంది.

షిబాటా ముల్లు 1970ల తొలినాళ్లలో నాలుగు చానెళ్ల సీడీ-4 రికార్డుల కోసం పుట్టింది. వాటిలో 30 కిలోహెర్ట్జ్ క్యారియర్‌ని చదవాలి, మామూలు ముల్లుకి అది సాధ్యం కాదు. జేవీసీలో నోరియో షిబాటా రూపొందించారు కాబట్టి ఆ పేరు. మీ 2ఎం బ్లాక్‌లో ఉన్నది అదే, 6/50. కాబట్టి మీరు గుండ్రటి ముల్లు నుంచి రావడం లేదు. ఇప్పటి గరగర ముల్లు అరుగుదల వల్లయినా, అమరిక తప్పడం వల్లయినా అయ్యుండాలి. ముందు అది తేల్చుకోండి. అమరిక తప్పితే ఏ ఖరీదైన ఎంసీ పెట్టినా అదే గరగర, పైగా ఇంకాస్త స్పష్టంగా.

---

పాతపాటలపెట్టె · #4

103ని ఇంత తేలిగ్గా తీసిపారేయకండి. 1962లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేతో కలిసి ప్రసారాల కోసం తయారుచేసింది. ఇప్పటికీ తయారవుతోంది. గాత్రంలో, డ్రమ్స్‌లో ఆ దెబ్బ వేరే వాటిలో రాదు.

---

గాడిలోముల్లు · #5

తీసిపారేయలేదండీ. అమరికలో చిన్న తప్పుల్ని అది క్షమిస్తుంది, ఎందుకంటే గుండ్రటి మొనకి తిప్పినా వంచినా స్పర్శ పెద్దగా మారదు. రోజుకి వందసార్లు రికార్డు మార్చే స్టూడియోలో కావలసింది ఆ గుణమే. ప్రశ్న అడిగిన ఆయనకి కావలసింది లోపలి గాడుల్లో శుభ్రత. ఆ ఒక్క పనికే 103 సరిపడదు.

---

ఓంకారం47 · #6

లోడింగ్ దగ్గరికి వద్దాం. "100 ఓమ్‌లు పెడితే చీకటిగా ఉంది, 1000 పెడితే వెలుగు" అని రాసేవాళ్ళు సగం సమయం వాల్యూమ్ తేడానే వింటున్నారు.

ఏఆర్‌టీ9ఎక్స్‌ఐ లోపలి నిరోధం 12 ఓమ్‌లు. 1000 ఓమ్‌ల లోడ్‌కి నష్టం 0.1 డీబీ. 100కి 1 డీబీ. 30కి 2.9 డీబీ. ఒక్క డీబీ తక్కువ శబ్దాన్ని చెవి "తక్కువ" అనుకోదు, "జీవం లేదు" అనుకుంటుంది. బ్రాంజ్ 5 ఓమ్‌లు కాబట్టి 100 ఓమ్‌లకి పోయేది 0.4 డీబీ మాత్రమే.

ఎంఎంలో కథ వేరు. అక్కడ కాయిల్ ఇండక్టెన్స్ అర హెన్రీ దాపున ఉంటుంది. 0.5 హెన్రీ, 200 పికోఫారడ్ కలిస్తే ఊగేది 15.9 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే వినిపించే పరిధిలోనే. 400 పికోఫారడ్ అయితే 11.3కి దిగుతుంది. అందుకే ఎంఎంకి కేబుల్ కెపాసిటెన్స్ ముఖ్యం (2ఎం బ్లాక్‌కి కంపెనీ చెప్పేది 150–300). ఎంసీ కాయిల్ 20 మైక్రోహెన్రీ అనుకుంటే, అదే 200 పికోఫారడ్‌తో 2.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఊగుతుంది. చెవికి అందదు.

మరి లోడ్ మారిస్తే ఎందుకు తేడా? ఆ మెగాహెర్ట్జ్ శిఖరం ఫోనో స్టేజ్ లోపలికి పోతుంది. మొదటి దశలో ఉన్న ట్రాన్సిస్టర్లు ఆ రేడియో ఫ్రీక్వెన్సీని తట్టుకోలేకపోతే దాని చెత్త కిందికి, వినిపించే పరిధిలోకి రాలుతుంది. పళ్ళు జివ్వుమనే ఆ పదును ఎక్కువసార్లు అక్కడిదే. లైరా డిజైనర్ జోనాథన్ కార్ ఏళ్లుగా చెబుతున్నది కూడా ఇదే: శిఖరాన్ని అణచడానికే లోడ్. కాబట్టి కేబుల్ పొట్టిగా, కెపాసిటెన్స్ తక్కువగా ఉంటే లోడ్ ఎక్కువ ఓమ్‌లలో ఉంచుకోవచ్చు.

ఆచరణలో: క్లియోస్‌కి కంపెనీ పరిధి 97.6 నుంచి 806 ఓమ్‌లు, మీ స్విచ్చులో 220తో మొదలుపెట్టండి. కేడెన్జాలకి 50–200, కాబట్టి 100. ఉమామి రెడ్‌కి 60 పైన అంటారు, 100 లేదా 220. ఏఆర్‌టీ9ఎక్స్‌ఐకి కనీసం 100, అందుకే 220 నయం. హానాలో చిన్నదైన ఎస్ఎల్ తీసుకునేవాళ్ళు మాత్రం జాగ్రత్త. దాని లోపలే 30 ఓమ్‌లు, కంపెనీ 400 పైన పెట్టమంటుంది. 100 ఓమ్‌ల లోడ్ ఒక్కటే ఉన్న ఫోనో స్టేజ్‌తో అది మూలుగుతుంది.

---

శ్రుతిపెట్టె · #7

గెయిన్ 60 ఉంచాలా 66 ఉంచాలా?

---

ఓంకారం47 · #8

60 డీబీ అంటే వెయ్యి రెట్లు. 0.5 మి.వో. (మిల్లీవోల్టు) ఇచ్చే క్లియోస్‌కి 0.5 వోల్టు, 0.4 మి.వో. బ్రాంజ్‌కి 0.4 వోల్టు వస్తుంది, ప్రీ-ఆంప్‌కి చాలు. 66 పెడితే క్లియోస్ 1 వోల్టు ఇస్తుంది. అది సగటు స్థాయి. గాడిలో 20 డీబీ పైన శిఖరం వస్తే 10 వోల్టులు. చాలా ఫోనో స్టేజ్‌లు అక్కడ కత్తిరించేస్తాయి. 0.28 దగ్గరుండే డైనవెక్టర్ ఎక్స్‌ఎక్స్-2 లాంటివాటికి 66 వాడుకోవచ్చు. మిగతావాటికి 60. ఏఆర్‌టీ9ఎక్స్‌ఐ, ఎక్స్‌ఏ పేర్లు చూసి ఒకటే అనుకోకండి: ఎక్స్‌ఐ ఇనుప కోర్, 0.5 మి.వో.; ఎక్స్‌ఏ కోర్ లేనిది, 0.2 మి.వో. రెంటి మధ్య 8 డీబీ. ఎక్స్‌ఏ కొని 60 దగ్గర పెడితే వాల్యూమ్ తిప్పిన కొద్దీ బుస్సుమనే శబ్దమే ముందుకొస్తుంది.

---

వెండితీగ · #9

స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఎంఎం ఇన్‌పుట్‌లోకి ఇస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

---

ఓంకారం47 · #10

గొడవ పోదు, వేరే చోటికి మారుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తి వర్గం మీద లోడ్ నిర్ణయమవుతుంది. 47,000 ఓమ్‌ల ఇన్‌పుట్ ముందు 1:10 పెడితే కార్ట్రిడ్జ్‌కి కనిపించేది 470 ఓమ్‌లు. 1:20 అయితే 117. 1:30 అయితే 52. గెయిన్ వరుసగా 20, 26, 29.5 డీబీ.

0.5 మి.వో. క్లియోస్‌ని 1:20కి ఇస్తే 10 మి.వో. దాకా వస్తుంది, ఎంఎం ఇన్‌పుట్‌కి అది రెట్టింపు డోసు. దానికి 1:10 చాలు. 40 ఓమ్‌ల డీఎల్-103కి 1:10 పెడితే 2.8 మి.వో., 1:20 పెడితే 4.5 మి.వో. వస్తాయి. ఆ 4.5 చూసి మురిసిపోకండి, 40 ఓమ్‌ల మూలానికి 117 ఓమ్‌ల లోడ్ అంటే పావు వంతు వోల్టేజీ అప్పుడే పోయింది. ఇంకో మాట: ఎంఎం వైపు కెపాసిటెన్స్‌ని వీలైనంత తగ్గించండి, ట్రాన్స్‌ఫార్మర్‌ని హమ్ వచ్చే పవర్ సప్లైలకి దూరంగా తిప్పి చూడండి. పెట్టెని 90 డిగ్రీలు తిప్పితేనే హమ్ సగం పోవచ్చు.

కరెంట్ ఇన్‌పుట్ ఫోనో స్టేజ్‌లు కూడా వస్తున్నాయి. వాటికి వోల్టేజీ కాదు, కరెంట్ లెక్క: వోల్టేజీ ÷ లోపలి నిరోధం. క్లియోస్ 0.5 ÷ 5.4, అంటే 93 మైక్రోఆంపియర్లు. డీఎల్-103 0.3 ÷ 40, అంటే 7.5. కాగితం మీద దగ్గరదగ్గరగా కనిపించే రెండు కార్ట్రిడ్జ్‌ల మధ్య అక్కడ 22 డీబీ తేడా.

---

నిశ్శబ్దగాడి · #11

అంకెలు సరే. వినికిడి గురించి ఎవరూ చెప్పడం లేదు, ఆయన అడిగింది అదే.

క్లియోస్: స్వరం మొదలయ్యే అంచు చాలా వేగంగా, శుభ్రంగా ఉంటుంది. పియానో మీట దెబ్బ, తీగ మీటిన క్షణం దీనిలో వినాలి. మధ్య స్వరాల్లో కండ కాస్త తక్కువ. బిగుతుగా, చురుగ్గా ఉండే స్పీకర్లతో కలిపితే అలసట తెప్పించవచ్చు.

బ్రాంజ్: పై స్వరాలు నునుపు, వేదిక వెడల్పు. ఆర్కెస్ట్రాలో వెనక వరసలు విడివిడిగా వినబడతాయి. కేడెన్జా బ్లాక్‌లో బోరాన్ కాంటిలీవర్ (ముల్లుని మోసే సన్నటి కడ్డీ), షిబాటా ముల్లు. దాని ధోరణి ఇంకొంచెం ముక్కుసూటి. "బ్లాక్ పెద్దది కాబట్టి మెరుగు" అనే నిచ్చెన లెక్క ఈ రెంటికీ సరిపోదు, అవి రెండు అభిరుచులు.

ఉమామి రెడ్: గాత్రానికి వీటిలో మొదటి వోటు దీనికే. బాస్‌లో కొంచెం గుండ్రతనం ఉంది, కొందరికి అది తీపి, కొందరికి బద్ధకం.

ఏఆర్‌టీ9ఎక్స్‌ఐ: ట్రాకింగ్ దిట్ట. గాడి ఎంత భయంకరంగా ఉన్నా పట్టు వదలదు. రంగులద్దదు. అందుకే మొదటి అరగంట "ఇందులో ఏముంది" అనిపిస్తుంది.

కోయెత్సు రోజ్‌వుడ్ సిగ్నేచర్ ఎవరూ అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేం. మధ్య స్వరాల ఆ నిండుతనం వేరే లోకం. కానీ కంప్లయన్స్ చాలా తక్కువ, బరువైన ఆర్మ్ అడుగుతుంది. రాతి బాడీ ఉన్న రకాలకైతే కౌంటర్‌వెయిట్ సరిపోతుందో లేదో కూడా చూసుకోవాలి.

---

సమతూకం · #12

వినికిడి మాటలు అందంగా ఉన్నాయి. అవి స్థాయి సమం చేసి విన్నవేనా అన్నది నా అనుమానం. 0.3 మి.వో.కి 0.5 మి.వో.కి తేడా 4.4 డీబీ. పోల్చేటప్పుడు ఒక్కో కార్ట్రిడ్జ్‌తో టెస్ట్ రికార్డులోని 1 కిలోహెర్ట్జ్ ట్రాక్ వాయించి, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర ఏసీ వోల్టేజీ కొలిచి, వాల్యూమ్‌తో 0.1–0.2 డీబీ లోపు సమం చేయాలి. రెండు చానెళ్లూ విడిగా కొలవండి. చాలా ఖరీదైన వాటికి కూడా చానెళ్ల మధ్య 1 డీబీ తేడాని కంపెనీలే అనుమతిస్తాయి, ఆ కాస్తకే గాయకుడు పక్కకి జరుగుతాడు.

ఇంకా మంచి దారి: ప్రతి కార్ట్రిడ్జ్‌తో ఒకే ట్రాక్‌ని 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేసి, స్థాయి సమం చేసి, పేర్లు దాచి వినడం. కార్ట్రిడ్జ్ మార్చి మళ్ళీ బిగించడానికి అరగంట పడుతుంది. చెవికి అంత జ్ఞాపకశక్తి లేదు.

---

నిశ్శబ్దగాడి · #13

దాచి వింటే కూడా క్లియోస్‌ని 103ని కలగలిపేవాళ్ళు ఉండరు. క్లియోస్, ఏఆర్‌టీ9ఎక్స్‌ఐ మధ్య మాత్రం ఒప్పుకుంటా, పందెం కాయను.

---

గాడిలోముల్లు · #14

ఏది కొన్నా అమరిక ఇలా. సన్నటి అంచున్న ముళ్ళకి ఈ క్రమం తప్పితే మళ్ళీ మొదటికి రావాల్సిందే.

మొదట టర్న్‌టేబుల్‌ని స్పిరిట్ లెవెల్‌తో సమం చేయండి. తర్వాత కంపెనీ సూచించిన బరువు పెట్టండి. కొలిచే తూకం 0.01 గ్రా. చూపించాలి, ముల్లు ఆనే చోటు రికార్డు ఉపరితలం ఎత్తులోనే ఉండాలి. తూకం పళ్ళెం ఇనుముదైతే ఎంసీ అయస్కాంతం దాన్ని లాగుతుంది, అంకె అబద్ధం చెబుతుంది. బ్రాంజ్‌కి 2.5 గ్రా. క్లియోస్ మాత్రం మొండిది: 1.75 గ్రా., పరిధి 1.7 నుంచి 1.8 అంతే. ఆ బరువు దగ్గరే కాయిళ్ళు అయస్కాంతాలకి సరిగ్గా ఎదురుగా వచ్చేలా ముందే వంపుతో బిగిస్తారు. బరువు మారితే ట్రాకింగే కాదు, కాయిల్ కోణమూ మారుతుంది. బరువు తగ్గిస్తే రికార్డు అరగదనే భ్రమ వదలండి. తేలికగా ఉండి గాడిలో ఎగిరే ముల్లే గోడల్ని చెక్కుతుంది.

రెండోది ప్రొట్రాక్టర్ (కార్ట్రిడ్జ్ కోణం కుదిర్చే గీతల పలక). లోఫ్‌గ్రెన్ ఏ పద్ధతిలో (బేర్‌వాల్డ్ అని కూడా అంటారు) ముల్లు గాడికి స్పర్శరేఖలా నిలిచే చోట్లు 66.0, 120.9 మి.మీ. స్టీవెన్సన్‌లో 60.3, 117.4. మీ గోల చివరి పాటల గురించే కాబట్టి స్టీవెన్సన్ ఆకర్షణీయంగా కనిపిస్తుంది, కానీ దానికోసం మధ్యలో వక్రీకరణ పెంచుకుంటారు. 60 మి.మీ. దాకా సంగీతం వచ్చే రికార్డులు మీ దగ్గర ఎక్కువైతే తప్ప లోఫ్‌గ్రెన్ ఏ ఉంచండి. అమర్చేటప్పుడు కార్ట్రిడ్జ్ బాడీని కాదు, కాంటిలీవర్‌ని గీతతో కలపండి. భూతద్దం తప్పనిసరి. బాడీలో కాంటిలీవర్ అర డిగ్రీ పక్కకి ఉండటం మామూలే.

అమరిక అయ్యాక బరువు మళ్ళీ కొలవండి. కార్ట్రిడ్జ్ ముందుకో వెనక్కో జరిగితే బరువు మారింది. ఇది మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

మూడోది ఆర్మ్ ఎత్తు. మొదట ఆర్మ్ ట్యూబ్ రికార్డుకి సమాంతరంగా ఉంచండి. ముల్లు గాడిలో నిలిచే కోణం 92 డిగ్రీల దాపున ఉండాలన్నది లక్ష్యం. 229 మి.మీ. ఆర్మ్‌లో వెనక ఎత్తు 4 మి.మీ. మారిస్తే ఒక్క డిగ్రీ. 120 గ్రా. రికార్డుకి, 180 గ్రా. రికార్డుకి మందం తేడా అర మి.మీ. లోపే, అంటే 0.1 డిగ్రీ. ప్రతి రికార్డుకీ ఎత్తు మార్చేవాళ్ళకి ఓపిక ఎక్కువ, అంతే.

---

శ్రుతిపెట్టె · #15

అజిమత్ (ముల్లు పక్కలకి ఒరగకుండా నిలిచే కోణం)? యాంటీ-స్కేటింగ్ (ఆర్మ్ లోపలికి లాగబడకుండా ఆపే బలం)? ఖాళీ గాడి రికార్డు మీద ఆర్మ్ కదలకుండా ఉంటే చాలని విన్నాను.

---

సమతూకం · #16

గాడి లేని రికార్డు మీద పరీక్ష పనికిరాదు. స్కేటింగ్ బలం పుట్టేది ఘర్షణ వల్ల. నున్నటి పళ్ళెం మీద ముల్లు మొన ఒక్కటే ఆనుతుంది, గాడిలో రెండు పక్కలూ ఆనుతాయి. ఘర్షణ వేరు, జవాబు వేరు.

సరైన పద్ధతి: టెస్ట్ రికార్డులో 300 హెర్ట్జ్ ట్రాక్‌లు మెల్లగా స్థాయి పెరుగుతూ ఉంటాయి. ఏ చానెల్ ముందు జివ్వుమంటుందో వినండి. ఆర్మ్ లోపలికి లాగబడుతుంది కాబట్టి లోపలి గోడ (ఎడమ) మీద ఒత్తిడి ఎక్కువ, బయటి గోడ (కుడి) మీద తక్కువ. కుడి ముందు జివ్వుమంటే యాంటీ-స్కేటింగ్ పెంచాలి, ఎడమ అయితే తగ్గించాలి. రెండూ ఒకేసారి చెడేలా కుదిరితే చాలు. అత్యధిక స్థాయి ట్రాక్ కూడా శుభ్రంగా రావాలని యాంటీ-స్కేటింగ్ విపరీతంగా పెంచకండి, అంత గట్టి గాడి మామూలు రికార్డుల్లో ఉండదు. పైగా ఆ లాగుడుకి కాంటిలీవర్ ఏడాది తిరిగేసరికి పక్కకి వంగుతుంది.

అజిమత్‌కి ముందు చిన్న అద్దం మీద ముల్లు దించి, ప్రతిబింబంతో కలిసి నిటారుగా ఉందో చూడండి. తర్వాత ఎడమ చానెల్ మాత్రమే ఉన్న 1 కిలోహెర్ట్జ్ ట్రాక్ వాయించి కుడిలోకి ఎంత కారుతోందో కొలవండి. తర్వాత తిరగేసి. ఒకవైపు −31, ఇంకోవైపు −24 వచ్చిందనుకోండి, అర డిగ్రీ ఒంపి మళ్ళీ కొలవండి. ఏ దిక్కు అన్నది అంకె పెరిగిందా తగ్గిందా చూస్తే తెలిసిపోతుంది. రెండూ 28 దాపుల్లో కలిస్తే చాలు. సమం చేయడానికి 2 డిగ్రీలకంటే ఎక్కువ ఒంపాల్సి వస్తే అది మీ తప్పు కాదు, లోపల కాయిల్ వంకరగా బిగించారు. అమ్మినవాళ్ళకి వెనక్కిచ్చేయండి. సన్నటి ముల్లుని 3 డిగ్రీలు ఒంచి గాడిలో నడిపితే ఒక గోడని అంచుతో గీరుతుంది.

---

వెండితీగ · #17

ముల్లు ఎన్ని గంటలు వస్తుంది? ఎంఎంలో ముల్లు ఒక్కటే మార్చుకోవచ్చు, వీటిలో మొత్తం పారేయాలా?

---

నిశ్శబ్దగాడి · #18

శుభ్రంగా వాడితే 1000 గంటల దాకా అని ఆర్టోఫాన్ అంటుంది. దాన్ని హామీ అనుకోకుండా, 500 గంటల నుంచి సూక్ష్మదర్శినితో చూడటం మొదలుపెట్టండి. 200 రెట్లు చూపించే యూఎస్‌బీది చాలు. పక్క నుంచి దీపం వేస్తే, అరిగిన చోట చదునైన రెండు మెరుపులు కనబడతాయి. గుండ్రటి ముల్లుకి అవి కోడిగుడ్డు ఆకారంలో వస్తాయి. సన్నటి ముల్లుకి అరుగుదల గుర్తుపట్టడం కష్టం, ఎందుకంటే కొత్తదానికే పొడవాటి మెరుపు ఉంటుంది. అందుకే కొన్న రోజే ఒక ఫోటో తీసి దాచుకోండి.

ఎంసీలో ముల్లు మార్పిడి ఇంట్లో పని కాదు. రెండు దారులు: తయారుచేసిన కంపెనీకే ఇచ్చి తగ్గింపు మీద కొత్తది తీసుకోవడం, లేదా బయటి నిపుణుడి చేత కొత్త కాంటిలీవర్, ముల్లు వేయించడం. రెండోది చవక. కానీ బోరాన్ స్థానంలో అల్యూమినియం వేస్తే కదిలే బరువు మారుతుంది, రబ్బరు మార్చితే కంప్లయన్స్ మారుతుంది. తిరిగొచ్చేది అదే పేరున్న వేరే కార్ట్రిడ్జ్. పాత 103కి రూబీ కాంటిలీవర్ వేయించుకునేవాళ్ళు తెలిసే ఆ పని చేస్తారు, అది వేరు. క్లియోస్‌ని మాత్రం బయట ఇవ్వకండి, ఆ కాయిల్ వంపు కుదిర్చేది తయారుచేసినవాళ్ళే.

రబ్బరు కూడా గట్టిపడుతుంది. 20–25 డిగ్రీల గదిలో వినండి. చలిగా ఉన్న గదిలో మొదటి రికార్డు గరుకుగా వినిపిస్తే ముల్లు మీద నేరం మోపకండి.

---

పాతపాటలపెట్టె · #19

శుభ్రం చేయడం కూడా రాయండి. ఆల్కహాల్ పూస్తున్నారు కొందరు.

---

నిశ్శబ్దగాడి · #20

వద్దు. కంపెనీ తన ద్రవం ఇస్తే తప్ప తడి ముట్టించకండి. ద్రవం కాంటిలీవర్ వెంట పైకి పాకి రబ్బరునీ జిగురునీ చేరుతుంది. పొడి బ్రష్‌తో వెనక నుంచి ముందుకు, అంటే రికార్డు తిరిగే దిక్కునే. పక్కకి ఎప్పుడూ కాదు. మొండి మురికికి మెలమైన్ స్పాంజ్ చిన్న ముక్క: ఆర్మ్ లిఫ్ట్‌తో దాని మీదికి నిటారుగా దించి ఎత్తండి, రెండుసార్లు. స్పాంజ్‌ని చేత్తో రుద్దితే కాంటిలీవర్ విరగడం ఖాయం. బోరాన్ వంగదు, పుటుక్కున తెగుతుంది.

---

శ్రుతిపెట్టె · #21

సరే, బ్రాంజ్ వైపే మొగ్గుతున్నాను. ఆర్మ్‌కి సరిపోయింది, 100 ఓమ్‌లు, 60 డీబీ. ఈలోపు మీరు చెప్పినట్టు 2ఎం బ్లాక్ అమరిక మళ్ళీ చూస్తాను. బిగించేటప్పుడు ఇంకేమైనా?

---

గాడిలోముల్లు · #22

స్క్రూలు. బాడీలోనే మరలున్న కార్ట్రిడ్జ్ అది. ఎక్కువ వాటిలో ఎం2.5 స్క్రూలు పడతాయి, కొన్ని జపాన్ వాటిలో ఎం2.6. చూడటానికి ఒకేలా ఉంటాయి, బలవంతంగా తిప్పితే మర పోతుంది. స్క్రూ పొడవు ఎక్కువై కింద తగిలితే బిగుసుకున్నట్టే అనిపిస్తుంది కానీ కార్ట్రిడ్జ్ వదులుగా ఉంటుంది, ఇంకా తిప్పితే బాడీ పగులుతుంది. హెడ్‌షెల్ మందం కొలిచి, పైన 3–4 మి.మీ. మాత్రమే లోపలికి దిగేలా పొడవు ఎంచుకోండి.

ఇనుప స్క్రూడ్రైవర్‌ని ముల్లు దగ్గరికి రానివ్వకండి, అయస్కాంతం లాక్కుంటుంది. ముల్లు కవర్ తీయకుండా బిగించడం పూర్తిచేసి, చివర అమరికకి మాత్రమే తీయండి. వైర్లు: తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. క్లిప్పు పిన్నుకి బిగువుగా ఉంటే నెట్టకండి, టూత్‌పిక్‌ని క్లిప్పులో దూర్చి కాస్త వెడల్పు చేసి, పట్టకారుతో క్లిప్పునే పట్టుకుని ఎక్కించండి. వైరుని పట్టుకుంటే టంకం ఊడుతుంది. పిన్నుల మీద టంకం పెట్టే ఆలోచన వద్దు, ఆ వేడికి లోపలి వెంట్రుకంత తీగ ఊడిపోతుంది.

ఒక చానెల్‌లో శబ్దం రాకపోతే వెంటనే మల్టీమీటర్ ఓమ్‌లలో పెట్టి కాయిల్‌ని కొలవకండి. ముందు ఫోనో స్టేజ్ దగ్గర ఎడమ కుడి కేబుళ్ళు మార్చి చూడండి. మౌనం కూడా పక్కకి మారితే లోపం కేబుల్ నుంచి ముల్లు వరకు ఎక్కడో ఉంది. మారకపోతే కార్ట్రిడ్జ్ జోలికి పోనవసరమే లేదు.